విడాకుల కాగితంలో రాయని పింఛను

కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆనాటికి ముప్ఫయి అయిదేళ్ల వయసున్న కార్మికుడు ఇప్పుడు అరవై దాటాడు. పంపులు ఆగిపోయాక షాఫ్టుల్లోకి నీళ్లు చేరాయి, మోటార్లు తుప్పు పట్టాయి. ఆ గనుల పేరు చెప్పుకొని ఇంకా నెలనెలా ఇంటికి వచ్చేది ఏదైనా ఉంటే అది పింఛను ఒక్కటే. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో, చాంపియన్ రీఫ్ కార్మికుల లైన్లలో బియ్యం, మందులు, కరెంటు బిల్లు దాని మీదే నెట్టుకొస్తున్న ఇళ్లున్నాయి. ఆలుమగలు కలిసి ఉన్నన్నాళ్లూ ఆ పింఛను ఎవరిదన్న ప్రశ్న రాదు. విడిపోయినప్పుడు వస్తుంది. అప్పుడు చట్టాన్ని అడిగితే అది ముఖం తిప్పుకుంటుంది.

ఈ సంగతి చాలామంది స్త్రీలకు విడాకుల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు తెలియదు, ఏళ్ల తర్వాత తెలుస్తుంది. బంగారం, సామాన్లు, పిల్లల చదువు, ఒక్కసారి చేతికిచ్చే డబ్బు, వీటి గురించి రెండు కుటుంబాలూ రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకుంటాయి. పింఛను మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం వల్ల ఎంత పోతుందో లెక్కవేసే నాటికి లెక్కవేసి లాభం ఉండదు. ఈ ప్రమాదం ఒక్క కేజీఎఫ్‌ది కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట మొదలుకొని తెలుగు మాట్లాడే ఊరూరా ఉన్నదే. కాకపోతే ఒక ఊరు ఊరంతా ఒకే కంపెనీ జీతం తిని, ఒకేసారి ముసలిదైన చోట అది స్పష్టంగా కనిపిస్తుంది.

వేలిముద్ర ఈ ఊరికి కొత్తది కాదు. 1930లో కార్మికులందరూ వేలిముద్ర వేసి పేరు నమోదు చేసుకోవాలని కంపెనీ పట్టుబడితే, అది తమను దొంగల్లా చూడటమేనని గని జనం 21 రోజులు పని మానేశారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఏడాదికోసారి తమంతట తామే వేలు పెట్టి వస్తున్నారు. పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా చూపే జీవన ప్రమాణ పత్రం 2014 నవంబర్‌లో డిజిటల్ అయ్యింది. గాజు పలక మీద బొటనవేలు ఆనించాలి. మన్ను తవ్వి అరిగిపోయిన వేలు కనుక యంత్రం ఒక్కసారికి పట్టుకోదు. తుడిచి మళ్లీ పెట్టమంటారు. మూడోసారికో నాలుగోసారికో పచ్చదీపం వెలిగితే ఆ మనిషి మరో ఏడాది బతికి ఉన్నట్టు, పింఛను మరో ఏడాది నడుస్తుంది. పక్కనే కుర్చీలో కూర్చున్న భార్య వేలుతో ఎవరికీ పని లేదు. ఆయన పోయిన తర్వాతే ఆ వేలుకు విలువ. విడాకులైతే అప్పుడూ ఉండదు.

నియమాలు ఏమంటున్నాయో చూద్దాం. గనిలోనూ ఫ్యాక్టరీలోనూ పనిచేసిన మనిషికి వచ్చే పింఛను ఎక్కువగా 1995 నవంబర్ 16 నుంచి అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం కిందిది. జనం నోట్లో అది ఈపీఎస్. యజమాని కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం ఆ నిధికి పోతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58వ ఏట పింఛను మొదలవుతుంది. పింఛనుదారు చనిపోతే ఆయన తీసుకుంటున్న దానిలో సగం భార్యకు వస్తుంది, ఆమె బతికున్నన్నాళ్లు లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా. పింఛను కోసం పెట్టుకునే 10-డి ఫారానికి భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో అంటించాలి. అందుకోసం ఇద్దరూ స్టూడియోకి వెళ్లి, ఆయన తెల్లచొక్కా, ఆమె మంచిచీర కట్టుకొని, భుజం భుజం ఆనించి కూర్చుని దిగుతారు. విడాకులయ్యాక కూడా ఆ ఫోటో దస్త్రంలోనే ఉంటుంది. అందులోని స్త్రీ మాత్రం నియమం దృష్టిలో భార్య కాదు, వితంతువు కాలేదు.

ఒక లెక్క వేసుకుందాం. భర్తకు నెలకు 6,000 రూపాయల పింఛను అనుకుందాం. కాపురం ముప్ఫయ్యేళ్లు. విడిపోకుండా ఉంటే, ఆయన పోయాక ఆమెకు నెలకు 3,000 వస్తుంది. ఆయన కన్నా ఆమె పదిహేనేళ్లు ఎక్కువ బతికితే మొత్తం 5,40,000 రూపాయలు. అదే ఇంట్లో ఆయన అరవయ్యో ఏట విడాకులైతే ఆ మొత్తం సున్నా. లక్ష, రెండు లక్షలు చేతిలో పెట్టి తీర్మానం చేసుకున్న పంచాయితీలో ఈ అయిదు లక్షల నలభై వేలు అసలు లెక్కలోకే రాలేదన్నమాట. ఒక కుటుంబం తన ఆస్తి పంపకంలో ఇంటి గోడలో ఒక వైపు కొలవడం మరిచిపోతే దాన్ని మోసం అంటాం. ఇక్కడ మరిచిపోయిన గోడ ఇదే.

పిల్లల సంగతి వేరు. తల్లిదండ్రులు విడిపోయినా బిడ్డలు బిడ్డలే, వాళ్లకు వచ్చే పింఛను పోదు. పోయేదల్లా భార్యది. అదీ ఎందుకు పోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

పింఛను యజమాని దయతో పెట్టే భిక్ష కాదు, చేసిన చాకిరీకి ఆలస్యంగా చేతికొచ్చే జీతం అని సుప్రీంకోర్టు 1982 డిసెంబర్ 17న నకారా కేసులో చెప్పింది. ఆ రోజును పింఛనుదార్ల దినంగా ఇప్పటికీ జరుపుకుంటున్నారు. సరే, ఆలస్యంగా వచ్చే జీతమే అనుకుందాం. ఆ జీతం సంపాదించిన ముప్ఫయ్యేళ్లలో ఆ ఇంట్లో ఎవరెవరు పనిచేశారు? రాత్రి షిఫ్టు దిగి వచ్చే మనిషి కోసం తెల్లవారుజామున పొయ్యి ముట్టించిందెవరు? రాతిపొడి పట్టిన బట్టలు ఉతికిందెవరు? ఊపిరితిత్తుల్లో ఆ పొడి చేరి దగ్గు పట్టుకున్నాక ఆసుపత్రి వరుసలో నిలబడిందెవరు? కేజీఎఫ్‌లో ఈ ప్రశ్నకు మరో మెలిక ఉంది. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీని భూగర్భంలో పనికి పంపకూడదంది. ఆ నిషేధాన్ని సడలించింది 2019లో, అంటే ఇక్కడి గనులు మూతపడిన పద్దెనిమిదేళ్లకు. ఆమెను షాఫ్టులోకి దిగనివ్వనిది చట్టమే. ఆమె పేరు మీద సర్వీసు లేదు కనుక పింఛను లేదని తేల్చేదీ చట్టమే.

భార్యకు మనోవర్తి ఉంది కదా అనేవాళ్లుంటారు. ఉంది. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కేసు నడుస్తున్నప్పుడు, 25వ సెక్షన్ తీర్పు తర్వాత భృతి ఇస్తాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చింది. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ఆ సెక్షన్ కింద భార్యే. కానీ భృతి, వాటా ఒకటి కాదు. భృతి అంటే కావలసినంత అడిగి తెచ్చుకోవలసింది, వాటా అంటే తన సొంతం. మన హిందూ వివాహ చట్టంలో కాపురంలో కూడబెట్టిన ఆస్తిని ఇద్దరికీ సమంగా పంచే సూత్రం లేదు. 27వ సెక్షన్ కోర్టుకు ఇచ్చిన అధికారం పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల వరకే. ముప్ఫయ్యేళ్ల సంసారంలో పుట్టిన పింఛను దాని కిందికి రాదు.

పైగా మనోవర్తి ఆయన ఆదాయం మీద ఆధారపడినది. ఆయన చనిపోతే ఆ ఆదాయం ఆగుతుంది, పింఛను సగం మిగలదు, ఎందుకంటే ఆమె వితంతువు కాదు. ఆమెకు రెండు దారులూ ఒకే రోజున మూసుకుపోతాయి. 25వ సెక్షన్‌లో దీనికి ఒక ఊతం ఉంది. భృతిని ఆమె జీవితకాలానికి నిర్ణయించి, దానికి హామీగా భర్త స్థిరాస్తి మీద భారం వేయవచ్చు. మంచి ఏర్పాటే. కానీ చాలాచోట్ల లైను ఇంటి గోడలూ తలుపులూ కంపెనీవి, పట్టా లేదు. కట్టుకున్న రేకుల గది కూడా కంపెనీ నేల మీదే. ఏ స్థిరాస్తి మీద భారం వేస్తారు? చట్టంలో ఉన్న ఒక్క రక్షణ కూడా గనివాడి ఇంటి గడప దగ్గర ఆగిపోతోంది.

పింఛను నుంచే నేరుగా ఇప్పించుకుందామంటే మరో గోడ అడ్డం. 1871 నాటి పింఛనుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం అప్పుల వాళ్లు ప్రభుత్వ పింఛనును జప్తు చేయలేరు. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం 10వ సెక్షన్ కూడా కార్మికుడి ఖాతాను అలాగే కాపాడింది. అప్పులవాడు ముసలి కార్మికుడి నోటికాడి కూడు లాక్కోకూడదన్నది న్యాయమైన ఆలోచన. కానీ భార్య అప్పులవాడా? బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2018లో ఒక పింఛనుదారు కేసులో కాదంది. భార్యకు ఇవ్వాల్సిన భృతిని పింఛను నుంచి రాబట్టవచ్చని చెప్పింది. ఇలా ఒక్కో కోర్టులో ఒక్కో వాదన గెలుచుకోవడం ఎంత మంది చేయగలరు? ప్రతి కేసులో మొదటి నుంచి వాదించాల్సిన పరిస్థితి ఉందంటే ఆ హక్కు పక్కాగా లేదనే అర్థం.

ఇక ప్రమాదం అసలు ఎక్కడ పొంచి ఉందో చెప్పాలి. పరస్పర అంగీకారంతో విడాకులు, హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్. అరవై వయసులో కోర్టుకెక్కి బురద చల్లుకోవడం ఎందుకని ఇద్దరూ ఒప్పుకుంటారు. తెల్లకాగితం మీద ముద్రించిన అర్జీలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: ఈ మొత్తంతో గత, వర్తమాన, భవిష్యత్ క్లెయిములన్నీ తీరిపోయినట్టే, ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు అని. పత్రం రాసిన చోట ఇది మామూలు మాట, ఎవరూ ఆగి చదవరు. భవిష్యత్ అన్న ఒక్క పదంలో మిగిలిన జీవితమంతా ఉంది. తీర్పు కాపీలో ఆ ఒక్క పదమే తర్వాత ఎత్తి చూపిస్తారు.

కోర్టుకు వెళ్లని వాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు. లైన్లలో పెద్దల పంచాయితీ జరిగి, స్టాంపు పేపర్ మీద నోటరీ ముద్ర వేయించుకొని విడిపోయినవాళ్లున్నారు. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతేనే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ దాన్ని గుర్తిస్తుంది. లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు, పెళ్లి అలాగే ఉంది. భర్త మరో స్త్రీతో ఇల్లు పెడతాడు. పది, ఇరవై ఏళ్లు ఆయన దగ్గరే ఉండి, చివరిదాకా సేవ చేసిన ఆమె ఒకరు. ఎప్పుడో పుట్టింటికి వెళ్లిపోయిన ఆమె ఒకరు. ఆయన పోయాక ఇద్దరూ పింఛను ఆఫీసు బల్ల దగ్గరికి వస్తారు. మొదటి పెళ్లి చెల్లుతుండగా జరిగిన రెండో పెళ్లి చెల్లదు కనుక రెండో భార్యకు పింఛను రాదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. ఆమె పిల్లలకు మాత్రం హక్కుంది. అదే కోర్టు 2023లో ఒక మాజీ సైనికుడి కేసులో, మొదటి భార్యతో విడాకులయ్యాక కూడా ఆయనా, రెండో స్త్రీ ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు కనుక ఆ రెండో స్త్రీనే వితంతువుగా చూడాలంది. ఆ రెండు తీర్పుల మధ్య తేడా ఒక విడాకుల డిక్రీ. స్టాంపు పేపర్ ఆ పని చేయదు. పత్రం సరిగా లేకపోతే నష్టపోయేది ఇద్దరు స్త్రీలూ.

నామినీ గురించిన అపోహ కూడా పెద్దది. కంపెనీ కాగితంలో నా పేరుంది, ఇక నాకే వస్తుందని నమ్మేవాళ్లు చాలామంది. ఈపీఎస్ పింఛను నామినేషన్‌ను బట్టి రాదు, బంధాన్ని బట్టి వస్తుంది. భార్య ఉంటే భార్యకే, ఆ బంధం తెగితే లేదు. ప్రావిడెంట్ ఫండ్‌లో మరో నియమం ఉంది. వ్యక్తిగత చట్టం ప్రకారం తన భార్యకు భరణం కోరే హక్కు పోయిందని భర్త నిరూపిస్తే, ఆ పథకం దృష్టిలో ఆమె అతని కుటుంబంలోకి రాదు. ఆయన స్వయంగా ఆమెను ఉంచమని రాసిస్తే తప్ప. ఆమె ఎంత కాలం ఆ ఇంట్లో ఉందన్న ప్రశ్న ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూస్తే కొంత కదలిక కనిపిస్తుంది. కేంద్రం 2024 జనవరిలో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, విడాకుల కేసు నడుస్తున్నా, భర్త మీద గృహహింస లేదా వరకట్న కేసు ఉన్నా, మహిళా ఉద్యోగి తన కుటుంబ పింఛనును భర్తకు కాకుండా ముందు పిల్లలకు దక్కేలా కోరవచ్చు. తల్లిదండ్రులు బతికుండగానే కోర్టులో విడాకుల కేసు వేసిన కూతురు, తీర్పు వాళ్లు పోయాక వచ్చినా కుటుంబ పింఛనుకు అర్హురాలన్న ఉత్తర్వు 2017లో వచ్చింది. పెళ్లి తెగిపోవడం కూడా ఒక వాస్తవమని ప్రభుత్వం అర్థం చేసుకుంటోందనడానికి ఇవి గుర్తులు. ఉద్యోగి అయిన స్త్రీకీ, ఉద్యోగి కూతురికీ ఆ అర్థం దక్కింది. ఉద్యోగి భార్యకు, ముప్ఫయ్యేళ్లు ఇల్లు నడిపిన స్త్రీకి మాత్రం దక్కలేదు.

ఇది పరిష్కారం లేని చిక్కు కాదు. జర్మనీలో 1977 నుంచి, కెనడా ప్రభుత్వ పింఛనులో 1978 నుంచి, పెళ్లయిన కాలంలో కూడిన పింఛను హక్కును విడాకులప్పుడు ఇద్దరి మధ్యా పంచుతున్నారు. బ్రిటన్‌లో 2000 డిసెంబర్ నుంచి కోర్టు పింఛనును నేరుగా రెండు వాటాలు చేయగలదు. విడిపోయిన జీవితభాగస్వామికి ఆమె వాటా ఆమె పేరు మీద ప్రత్యేక పింఛనుగా మారుతుంది, కనుక ఆయన ముందే పోయినా అది ఆగదు. జపాన్‌లో 2007లో ఇలాంటి నియమం వచ్చింది. పంపకానికి లెక్క తేలిక. ఎన్నేళ్ల సర్వీసులో ఎన్నేళ్లు కలిసి ఉన్నారు, ఆ నిష్పత్తిలో సగం. గని కార్మికుడి సర్వీసు తేదీలు అన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి.

దీనికి ఎదురుగా వచ్చే మాటలు తేలికైనవి కావు. మొదటిది: వచ్చేదే తక్కువ, దాన్ని రెండు చేస్తే ఇద్దరూ పస్తులుండాలి. నిజమే. ఈపీఎస్ కనీస పింఛను 2014 సెప్టెంబర్ నుంచి నెలకు 1,000 రూపాయలు. వెయ్యి రూపాయల్లో సగం ఎవరి ఆకలీ తీర్చదు. కనీస పింఛను పెంచాలన్న పింఛనుదారుల డిమాండు న్యాయమైనది. అయితే ఒకటి తక్కువగా ఉంది కాబట్టి రెండో మనిషికి అసలు ఇవ్వకపోవడం పరిష్కారం కాదు. రెండో మాట: ఊపిరితిత్తులు పాడు చేసుకున్నది ఆయన, వాటా ఆమెకెందుకు? ఆయన బాధను తక్కువ చేయక్కర్లేదు. కానీ ఆ బాధ నుంచి వచ్చిన డబ్బుతో నడిచిన ఇల్లు ఆయన ఒక్కడిది కాదు. మూడోది: ఇలా చేస్తే విడాకులు పెరుగుతాయంటారు. పింఛను కోసం ముప్ఫయ్యేళ్ల కాపురం తెంచుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటే ఒకరో ఇద్దరో. వాటా లేదన్న భయంతో దెబ్బలు తింటూ ఉండిపోయేవాళ్లు వాళ్లకన్నా ఎక్కువ.

ఇంకో తరం కూడా ఇదే దారిలో వస్తోంది. బీఈఎంఎల్ ఫ్యాక్టరీ ఉద్యోగాలే కాక, ఇప్పుడు నరసాపురం, వేమగల్, మాలూరు పారిశ్రామిక వాడల్లో వేలమంది యువతులు ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ల పేరు మీదే పీఎఫ్ ఖాతా ఉంది. ఇది వాళ్ల అమ్మమ్మలకు లేని బలం. కానీ పెళ్లయ్యాకో, బిడ్డ పుట్టాకో ఉద్యోగం మానేసి, పదేళ్ల సర్వీసు పూర్తికాకముందే 10-సి ఫారం పెట్టి పింఛను డబ్బు ఒక్కసారిగా తీసేసుకునేవాళ్లు చాలామంది. ఆ డబ్బు చాలాసార్లు ఇంటి అప్పుకో, వాళ్ల తమ్ముడి చదువుకో పోతుంది. అది తీసుకున్న రోజు ఒక పింఛను చచ్చిపోయిందని చెప్పేవాళ్లు లేరు. ఆమె రేపు విడిపోతే ఆమెకు తన పింఛనూ ఉండదు, భర్త పింఛనులో వాటా కూడా ఉండదు. డబ్బు వెనక్కి తీసుకోకుండా స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే, తర్వాత ఇంకో ఉద్యోగంలో ఆ సంవత్సరాలు కలుపుకోవచ్చు. ఈ మాట ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు పెట్టి రాయాల్సినది.

కోలారు సరిహద్దు ప్రాంతానికి మరో ఇబ్బంది ఉంది. ఇంట్లో మాట తెలుగు, లైన్లలో తమిళం కూడా. కోర్టు కాగితం కన్నడం, పింఛను నియమాలు ఇంగ్లీషులో. సంతకం చేసే స్త్రీకి ఆ నాలుగు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ భవిష్యత్ క్లెయిముల వాక్యం అర్థమయ్యేలా చదివి వినిపించేవాళ్లు లేరు. అది చదివి వినిపించడానికే న్యాయసేవల అధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి, ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయ సాయం అందుతుంది. అది అడగడానికి డబ్బూ అక్కర్లేదు, సిగ్గూ అక్కర్లేదు.

మా సూచనలు కొన్ని ఉన్నాయి. 13-బి అర్జీని ఆమోదించే ముందు కోర్టు పింఛను చెల్లింపు ఉత్తర్వు, సర్వీసు వివరాలు తెప్పించుకొని, తీర్పులో పింఛను గురించి ఒక పేరా తప్పనిసరిగా రాయాలి. మనోవర్తి కేసుల్లో ఆస్తి, అప్పుల ప్రమాణపత్రాన్ని రజనీష్-నేహా కేసులో 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది. అందులో పింఛను హక్కులన్నీ చేరేలా చూసుకుంటే చాలు. ఈపీఎస్ నియమాల్లో ఒక సవరణ తేవాలి: కనీసం కొన్నేళ్లు కాపురం చేసి, మళ్లీ పెళ్లి చేసుకోని విడాకులైన స్త్రీకి కుటుంబ పింఛనులో ఆమె సంవత్సరాలకు తగ్గ భాగం. మనోవర్తి డిక్రీ ఉంటే దాన్ని పింఛను కార్యాలయమే ప్రతినెలా కోసి ఇచ్చే ఏర్పాటు కావాలి. కార్మిక సంఘాలు పింఛను పెంచమని అడిగేటప్పుడు దానిలో భార్య వాటాను కూడా డిమాండ్ల పత్రంలో చేర్చాలి. ఆనాడు వేలిముద్ర మీద ఊరంతా ఒక్కటైన చోట అది పెద్ద కోరిక కాదు.

పాఠకుల కోసం కూడా మాటలున్నాయి. భర్త పింఛను ఉత్తర్వు కాపీ ఒకటి మీ పెట్టెలో పెట్టుకోండి. విడిపోతున్నారంటే, విడాకులకు ముందు న్యాయబద్ధమైన ఎడబాటు గురించి అడిగి తెలుసుకోండి. హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్ అది. దానిలో వివాహబంధం తెగిపోదు కనుక, వితంతు పింఛను దారి సాధారణంగా మూసుకుపోదు. విడాకులే తప్పదనుకుంటే, ఒక్కసారి ఇచ్చే మొత్తాన్ని లెక్కవేసేటప్పుడు భర్త పింఛనులో మీ సగం విలువ దానిలో వేయించండి. భవిష్యత్ క్లెయిములు అన్న మాట కనిపిస్తే దాన్ని కొట్టేయించండి, లేదా దాని పక్కన పింఛను తప్ప అని రాయించండి. స్టాంపు పేపర్ మీద నమ్మకం పెట్టకండి. మీరు రెండో భార్యగా వచ్చినవారైతే, మొదటి వివాహం కోర్టులో రద్దయిందా లేదా అన్నది ఆయన చనిపోక ముందే తెలుసుకోండి.

2024లో కేజీఎఫ్‌లోని పదమూడు సైనైడ్ దిబ్బల్లో ఇంకా మిగిలి ఉన్న బంగారాన్ని తీసేందుకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. బంగారం తీసేశాక పారబోసిన రాతిపొడి అది. దానిలో ఉండేది టన్నుకు గ్రాము కంటే తక్కువైనా, దాన్ని వెతకాలంటే యంత్రాలు, టెండర్లు, నిపుణులు వస్తారు. ఆ దిబ్బలోని గ్రామును లెక్కించే దేశానికి, దాని పక్క లైన్లో ఉన్న స్త్రీ ముప్ఫయ్యేళ్ల చాకిరీలో పింఛను వాటా ఎంతో లెక్కించడం కష్టం కాదు. దానికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. విడాకుల అర్జీ చేతికి తీసుకున్న న్యాయాధికారి, అంగీకారం నమోదు చేసే ముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: పింఛను సంగతి ఏం రాసుకున్నారు?